పడవను మోసే బండి, బండిని మోసే పడవ

2020 అక్టోబర్ వానలకు హైదరాబాద్‌లో మా కాలనీ మునిగినప్పుడు ట్రాలీ ఆటోలో ఒక పడవ తెచ్చారు. నీళ్లున్నంత దూరం అది హాయిగా పోయింది. మధ్యలో ఒక వీధి మెరక మీద ఉండి మునగలేదు. అక్కడ నలుగురు దిగి, పడవను ఎత్తుకుని అవతలి నీళ్ల దాకా మోశారు. యాభై గజాలకే వాళ్లకు ఆయాసం వచ్చింది. ఉత్తర ధ్రువం వైపు నడిచినవాళ్లు రెండు వందల ఏళ్లుగా పడుతున్న అవస్థ సరిగ్గా ఇదే. కాకపోతే వాళ్లకు అలాంటి వీధులు, అలాంటి నీళ్లు ఒక్క రోజులోనే ఎన్నోసార్లు ఎదురవుతాయి.

దక్షిణ ధ్రువం దగ్గర మంచు కింద నేల ఉంది. ఉత్తరాన ఉన్నది సముద్రం. ఉప్పునీరు దాదాపు మైనస్ 1.8 డిగ్రీల దగ్గర గడ్డకట్టి పలకలవుతుంది. గాలికి, ప్రవాహాలకు ఆ పలకలు కదులుతూనే ఉంటాయి. ఒకదాన్నొకటి గుద్దుకున్న చోట మంచు గట్లు లేస్తాయి, విడిపోయిన చోట నల్లటి నీటి చీలికలు తెరుచుకుంటాయి. గట్టు ఎక్కడానికి బండి కావాలి, చీలిక దాటడానికి పడవ కావాలి. రెండూ లాక్కెళ్లాలంటే బరువు మనిషి నడుం విరుస్తుంది.

బ్రిటిష్ నౌకాదళ అధికారి విలియం ఎడ్వర్డ్ పారీ 1827లో దీనికి ఒక ఉపాయం పట్టుకుని బయల్దేరాడు. స్పిట్స్‌బెర్గెన్ ఉత్తర తీరంలో హెక్లా నౌకను ఆపి, రెండు పడవలతో ధ్రువం వైపు సాగాడు. (2008లో మన దేశం హిమాద్రి పరిశోధనా కేంద్రం పెట్టింది ఆ దీవి మీదే.) ఒక్కో పడవ 20 అడుగుల పొడవు, అడుగున మంచు మీద జారేందుకు ఉక్కు తొడిగిన పట్టాలు. సామానుతో కలిపి ఒక్కోటి సుమారు 1,700 కిలోలు, లాగడానికి పడవకు పద్నాలుగు మంది. ఎండకు మంచు మెత్తబడుతుందని, కళ్లు దెబ్బతింటాయని రాత్రి వేళల్లో నడిచారు. అక్కడ వేసవిలో రాత్రీ సూర్యుడు అస్తమించడు గానీ కిందికి వాలి ఉంటాడు. గట్లు వచ్చిన చోట సగం సామాను ముందుకు చేర్చి, మిగతా సగం కోసం వెనక్కి నడిచారు. జులై 23న 82 డిగ్రీల 45 నిమిషాల ఉత్తర అక్షాంశం చేరారు. కానీ వాళ్లు ఉత్తరానికి నడుస్తుంటే కాళ్ల కింది మంచు దక్షిణానికి కొట్టుకుపోతోంది. రాత్రంతా లాగి, తెల్లారి కొలిస్తే నిన్నటి చోటే! అయినా అంతకు మించి ఉత్తరానికి ఎవరైనా వెళ్లడానికి దాదాపు యాభై ఏళ్లు పట్టింది.

పారీ తప్పు ధైర్యంలో లేదు, మొదలుపెట్టిన చోట ఉంది. ఆయన నౌకాదళ పడవ నమూనాలోనే పడవలు కట్టించి వాటికి పట్టాలు తగిలించాడు. అదే ఆర్కిటిక్ తీరాల్లో బతికే ఇనుయిట్, ఇనుపియాట్ జనం తేలికైన దానితోనే మొదలుపెట్టారు. కర్ర చట్రానికి సీల్ తోలు బిగించి కట్టిన ఉమియాక్ పడవను స్లెడ్జ్ (మంచు మీద జారే చక్రాల్లేని బండి) మీద పెట్టుకుని మంచు అంచు దాకా లాక్కెళ్తారు. అలాస్కాలో వసంతకాలపు తిమింగలాల వేటకు ఇప్పటికీ ఇలా వెళ్తున్నారు. కృష్ణా, తుంగభద్రల మీద తిరిగే గుండ్రటి పుట్టిని చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. వెదురు అల్లికకు తోలు, ఇప్పుడైతే తారు పూసిన పట్టా. ఒడ్డుకు రాగానే ఒక్క మనిషే నెత్తిన బోర్లించుకుని నడిచిపోతాడు.

ఆ పాఠం వినకపోతే ఏమైందో 1859లో కెనడా ఆర్కిటిక్‌లోని కింగ్ విలియం దీవి మీద బయటపడింది. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాంక్లిన్ నడిపిన ఆర్కిటిక్ యాత్రలో కనిపించకుండా పోయినవాళ్ల కోసం వెతుకుతున్న మెక్‌క్లింటాక్ బృందానికి స్లెడ్జ్ మీద ఎక్కించిన 28 అడుగుల పడవ దొరికింది. రెండూ కలిపి 600 కిలోలకు పైనే. లోపల రెండు అస్థిపంజరాలు, వెండి చెంచాలు, సబ్బు, పుస్తకాలు. ఆకలితో ఉన్న మనుషులు అంత బరువు లాగారన్న విషయం చదివిన ప్రతిసారీ నాకు గుండె బరువెక్కుతుంది.

అసలు మలుపు నార్వే దేశస్థుడు నాన్సెన్‌ది. 1895 మార్చి 14న ఆయన, సహచరుడు యోహాన్సెన్ ఫ్రామ్ నౌకను వదిలి, 28 కుక్కలు, మూడు స్లెడ్జ్‌లు, రెండు కయాక్‌లతో (ఒక్క మనిషి పట్టే సన్నటి పడవలు) ధ్రువం వైపు నడిచారు. కయాక్‌కు వెదురు చట్రం, పైన కాన్వాస్ గుడ్డ. నేర్చుకున్నది ఇనుయిట్ జనం దగ్గరే. 86 డిగ్రీలు దాటి వెనక్కి మళ్లారు. మంచు గట్ల మీద బండ్లు బోల్తాపడి కయాక్‌లు చిరిగితే, వేసవిలో ఒకచోట ఆగి కుట్టుకుని, పూసుకుని బాగుచేసుకున్నారు. ఆగస్టులో మంచు అంచు వచ్చాక రెండు కయాక్‌లను పక్కపక్కన కట్టి, పైన స్లెడ్జ్‌లు పెట్టి తెరచాప ఎత్తారు. అన్నాళ్లూ పడవను మోసిన బండిని ఇప్పుడు పడవ మోసింది. మరుసటి ఏడాది ఒకసారి కట్టు వదులై కయాక్‌లు కొట్టుకుపోతే నాన్సెన్ గడ్డకట్టే నీళ్లలోకి దూకి ఈది పట్టుకొచ్చాడు. తిండి, తుపాకులు అన్నీ వాటిలోనే ఉన్నాయి మరి.

1915లో బ్రిటిష్ యాత్రికుడు షాకిల్టన్ మనుషులు దక్షిణాన అంటార్కిటికా పక్కనున్న వెడెల్ సముద్రంలో ఇలాగే పడవలను స్లెడ్జ్‌లపై లాగబోయి కొద్ది కిలోమీటర్లకే ఆగిపోయారు. మంచు విడిపోయేదాకా దాని మీదే నెలల తరబడి కాచుకున్నారు.

ఇప్పటి యాత్రికుల బండి పేరు పల్క్. ప్లాస్టిక్‌తోనో, కెవ్లార్ అనే గట్టి కృత్రిమ నారతోనో తొట్టిలా పోత పోస్తారు కాబట్టి బండే పడవ అడుగు. చీలిక వస్తే రెండు పల్క్‌లను స్కీలు (మంచు మీద జారడానికి కాళ్లకు తొడిగే పొడవాటి పలకలు) అడ్డంగా వేసి కట్టేస్తారు, నాన్సెన్ కట్టినట్టే. లేదంటే నీరు చొరని సూట్ తొడుక్కుని ఈదుతూ పల్క్‌ను వెనక లాక్కుంటారు. 2006 వేసవిలో లోనీ డుప్రే, ఎరిక్ లార్సెన్ ఏకంగా మార్పులు చేసిన కెనూలనే (తెడ్డుతో నడిపే సన్నటి పడవలనే) మంచు మీద లాగుతూ కెనడా వైపు నుంచి ధ్రువం చేరారు. మంచు కరిగిపోతోందని లోకానికి చూపించడమే వాళ్ల ఉద్దేశం. ఉపగ్రహాలు 1979 నుంచి కొలుస్తున్న లెక్కల్లో సెప్టెంబర్ మంచు అన్నిటికంటే తగ్గింది 2012లో, దాదాపు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు.

మంచు పల్చబడే కొద్దీ పడవ అవసరం పెరుగుతుందని అనుకుంటాం. కానీ నడిచేవాళ్లను ఎక్కువ టెన్షన్ పెట్టేది తెరిచి ఉన్న నీళ్లు కాదు, వాటి మీద అప్పుడే కట్టిన పలుచని మంచు. అడుగేస్తే విరుగుతుంది, తెడ్డు వేస్తే కదలదు. అక్కడ పల్క్ బండీ కాదు, పడవా కాదు. ఒడ్డున గుడారం వేసుకుని, చలి ఇంకాస్త పెరగాలని రాత్రంతా ఎదురుచూడాలి.