టచింగ్ చూపించే ముందా, చూపించాకా? స్టూడియో ఫొటో వెనకున్న పాత పంచాయితీ

స్టూడియోలో ఫొటో దిగిన కస్టమర్‌కి మొదట ఏది చూపించాలి? కెమెరాలో పడింది పడ్డట్టుగానా, లేక మచ్చలు తుడిచి, చర్మం నునుపు చేసి, కాస్త తెలుపు చేసిందా? (ఆ దిద్దుబాటునే స్టూడియోల్లో టచింగ్ అంటారు.) పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫర్లు నలుగురు కలిస్తే ఈ వాదన లేవకుండా ఉండదు. ఏమీ దిద్దకుండా చూపిస్తే కస్టమర్ చూపు నేరుగా గడ్డం కింది మడత మీదికో, నుదుటి మీది మొటిమ మీదికో పోతుంది. ఆర్డరు అక్కడే సగమైపోతుంది. అన్నీ దిద్ది చూపిస్తే, వాళ్లు కొనని ఫొటోల మీద పెట్టిన రాత్రుళ్లన్నీ గంగపాలు. ఈ తలనొప్పి కంప్యూటర్‌తో వచ్చిందని చాలామంది అనుకుంటారు గానీ, దీని వయసు నూటయాభై ఏళ్లు దాటింది. ముఖాన్ని ఎంతవరకు దిద్దవచ్చో ప్రతి తరంలోనూ నీతికన్నా కూలి ఖర్చే ఎక్కువగా తేల్చిందని నా అభిప్రాయం.

1839లో ఫ్రాన్స్‌కు చెందిన డాగెర్ ఫొటో తీసే పద్ధతి లోకానికి తెలిసినప్పుడు ఈ గొడవకు చోటే లేదు. వెండి పూత పూసిన రాగి రేకు మీద ఒకే ఒక్క బొమ్మ పడేది. దాని మీద కుంచె ఆనిస్తే బొమ్మే చెరిగిపోయేది. మహా అయితే బుగ్గల మీద చిటికెడు రంగు పొడి, నగల మీద బంగారు చుక్క, అంతే. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలక మీద నెగెటివ్ (వెలుగునీడలు తారుమారైన బొమ్మ) తీసే పద్ధతిని ప్రకటించాక కథ మారింది. కూర్చున్న మనిషికీ కాగితం మీది బొమ్మకీ మధ్య ఇప్పుడొక గాజు పలక ఉంది, దాని మీద చెయ్యి పెట్టవచ్చు. మ్యూనిక్‌కు చెందిన ఫొటోగ్రాఫర్ ఫ్రాంజ్ హాన్‌ఫ్‌స్టెంగెల్ 1855 పారిస్ ప్రదర్శనలో ఒకే ముఖానికి దిద్దిన ఫొటోనూ దిద్దనిదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించాడని చరిత్రకారులు రాస్తారు. ఫొటో దిగడానికి జంకేవాళ్లకు అది కొండంత ధైర్యం ఇచ్చింది.

దిద్దేవాళ్ల వాదనలోనూ నిజముంది. అప్పటి పలకలకు కనిపించేది ప్రధానంగా నీలి కాంతే. ఎరుపు, పసుపు వాటికి చీకటితో సమానం. కాబట్టి తెల్లవాళ్ల ముఖం మీద లేతగా ఉండే గోధుమ మచ్చలు, ఎర్రబారిన చర్మం ఫొటోలో బొగ్గు చల్లినట్టు పడేవి. అబద్ధం ఆడింది పలకే, మేం సరిచేస్తున్నాం అని వాళ్లనేవారు. 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ వోగెల్ రంగుల అద్దకంతో పలకకు ఆకుపచ్చ, పసుపు కాంతులు కూడా తెలిసేలా చేశాడు. అన్ని రంగులూ చూడగల పలకలు 1906 నాటికి బజారులోకి వచ్చాయి. అంటే పలక లోపం తీరిపోయింది, టచింగ్ మాత్రం పోలేదు. అప్పటికి అది అలవాటుగా, ఆదాయంగా మారింది.

ఆ అలవాటు ముదరడానికి ఇంకో కారణం ఫొటో సైజు. 1854లో పారిస్‌లో ఫొటోగ్రాఫర్ డిస్దేరి పేటెంటు తీసుకున్న విజిటింగ్ కార్డు ఫొటోలో మనిషి నిలువెత్తున ఉంటాడు, ముఖం మాత్రం వేలిగోరంతే. ముడతలు ఎవరికి కనిపిస్తాయి? 1866లో లండన్‌లో పెద్ద కేబినెట్ కార్డు మొదలయ్యాక ముఖం పెద్దదైంది, ప్రతి గీతా బయటపడింది, టచింగ్ చేసేవాళ్లకు గిరాకీ పెరిగింది. మన ఊళ్ల స్టూడియోల రేట్ల బోర్డు మీద ఎన్నో ఏళ్లు కనిపించిన ‘కేబినెట్ సైజు’ అన్న మాట ఆ కాలం నుంచి వచ్చిందే.

ఆ పని ఎలా జరిగేదో కాస్త దగ్గరగా చూడాలి. టచింగ్ డెస్కు అంటే ఏటవాలుగా నిలిపిన చెక్క చట్రం. మధ్యలో కంత, దాని మీద నెగెటివ్, కింద వెలుతురును పైకి తిప్పే అద్దం, పక్క వెలుగు పడకుండా పైన నల్లగుడ్డ. నెగెటివ్ నునుపు మీద పెన్సిలు పట్టదు కాబట్టి, టర్పెంటైన్‌లో కరిగించిన రెజిన్‌ను ముందు గుడ్డతో పల్చగా రుద్దాలి. పెన్సిలు మొనను గరుకు కాగితం మీద సూదిలా సన్నగా అరగదీయాలి. ఇక ఆ మొనతో, ఒత్తిడి లేకుండా, చిన్న చిన్న సుడులు చుట్టుకుంటూ పోవాలి. నెగెటివ్‌లో నలుపు తెలుపవుతుంది, తెలుపు నలుపవుతుంది. కాబట్టి కంటి కింది ముడత అక్కడ పారదర్శకమైన సన్న గీతగా కనిపిస్తుంది. ఆ గీతను పెన్సిలుతో నింపితే ప్రింటు వేసేటప్పుడు అక్కడ కాంతి తక్కువ దిగుతుంది, కాగితం మీద ముడత తేలిపోతుంది.

ఇందులో ఒక సంగతి తరచూ మరిచిపోతుంటాం. పెన్సిలుతో ప్రింటును తెలుపు చేయడం తేలిక. నలుపు చేయాలంటే కత్తి మొనతో నెగెటివ్ పొరనే గీకాలి, చెయ్యి వణికితే పలక పాడు. ముఖం మొత్తాన్ని ఒకేసారి తేల్చడానికి ఎర్ర రంగు ద్రావణం ఉండేది. నెగెటివ్ మీద ముఖం ఉన్న మేరకు కుంచెతో పూస్తే చాలు, ప్రింటు వేసే బ్రోమైడ్ కాగితానికి ఎరుపు కనిపించదు కాబట్టి ముఖం తెల్లగా దిగేది. పనిముట్టే తెలుపు వైపు మొగ్గింది. చామనఛాయ మనుషులున్న దేశానికి ఆ పనిముట్టు వచ్చినప్పుడు ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

అయితే పాశ్చాత్య స్టూడియోల్లో ఈ శ్రమంతా ఎప్పుడు జరిగేదన్నదే అసలు విషయం. చాలాచోట్ల కస్టమర్‌కి ముందు ప్రూఫులు, అంటే ఎంచుకోవడానికి నమూనా ప్రింట్లు ఇచ్చేవారు. ఎండలో పెడితే డెవలపర్ లేకుండానే బొమ్మ తేలే కాగితం మీద, ఇటుక రంగులో. వాటిని కావాలనే స్థిరపరిచేవారు కాదు, చూసేకొద్దీ వెలుతురుకు నల్లబడిపోయేవి. దాచుకోవడానికీ, నకలు తీయించుకోవడానికీ పనికిరావు. ఆ ప్రూఫుల్లో మనిషి ఉన్నది ఉన్నట్టే ఉంటాడు. నచ్చిన దాన్ని ఎంచుకున్నాక ఆ ఒక్క నెగెటివ్ మీదే పెన్సిలు నడిచేది. అంటే తన ముఖం ఎలా పడిందో కస్టమర్ ఒక్కసారైనా చూసేవాడు, ఆ తర్వాతే ఏది తీయాలో చెప్పేవాడు. కస్టమర్ మీద గౌరవంతో పుట్టిన ఏర్పాటేమీ కాదిది. తీసిన ప్రతి పలకనూ దిద్దేంత కూలి ఎవరూ భరించలేకపోయారు.

వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. కలకత్తాలో పుట్టిన ఫొటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరాన్ పలకల మీది గీతలు, వేలిముద్రలు కూడా అలాగే వదిలేసి, ప్రింట్ల మీద ‘ఫ్రమ్ లైఫ్’ (ఉన్న మనిషిని చూసి తీసింది) అని రాసేది. ఇంకో ఫొటోగ్రాఫర్ పీటర్ హెన్రీ ఎమర్సన్ 1889లో తన పుస్తకంలో మరీ ఘాటుగా రాశాడు. మంచిదైనా చెడ్డదైనా ఫొటోను చెడ్డ చిత్రలేఖనంగా మార్చేదే టచింగ్ అని ఆయన నిర్వచనం. కాకపోతే ఈ ఇద్దరూ ఫొటోల ఆర్డర్ల మీద పొయ్యి వెలిగించుకున్నవాళ్లు కాదు. వీధి చివర స్టూడియో నడిపేవాడికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

మన ప్రాంతంలో ఈ కళకు పెద్ద పేరు రాజా దీన్‌దయాళ్‌ది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్‌గా, సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, ఒక ఆంగ్ల మహిళకు అప్పగించాడు. ఫొటో కస్టమర్ చేతికి రాకముందే ఎంతమంది కళ్లు ఆ ముఖాన్ని పరీక్షగా చూస్తాయన్న ఇబ్బందిని ఆ రోజుల్లోనే గుర్తించిన ఏర్పాటది. ఇక రాజస్థాన్ నుంచి దక్కన్ దాకా సంస్థానాల్లో ఫొటో మీద దట్టంగా రంగులు వేసే చిత్రకారులుండేవారు. చీర జరీ, పాగా, వెనకాల తివాచీ అన్నీ కుంచె పనే. ముఖం ఒక్కటీ లోపలి ఫొటోను కాస్త కనిపించనిచ్చేది.

తర్వాత జిల్లా పట్టణాల్లోకి, తాలూకా కేంద్రాల్లోకి స్టూడియోలు వచ్చాయి. ఇక్కడ ప్రూఫుల సంగతి పెద్దగా లేదు. రసీదు రాసిచ్చి ఫలానా రోజు రమ్మనేవారు, వెళ్తే కవర్లో ప్రింట్లు చేతిలో పెట్టేవారు. టచింగ్ అప్పటికే అయిపోయి ఉండేది. ఎంత చేయాలన్నది ఆ స్టూడియో ఆయన చెయ్యి, ఆయన ఓపిక. కొన్నింటికి మాత్రం కస్టమరే ముందుగా చెప్పేవాడు. పెళ్లి సంబంధాలకు పంపే ఫొటో అయితే ‘అమ్మాయి కాస్త తెల్లగా పడేలా చూడండి’ అని తండ్రో మేనమామో అనడం, ‘మీరు చెప్పాలాండీ’ అని ఆయన నవ్వడం. చనిపోయినవాళ్ల ఫొటో అయితే ఇంకో రకం. ఏ పెళ్లి గ్రూపు ఫొటోలోనో ఉన్న నాయనమ్మ ముఖాన్ని ఎన్‌లార్జ్ చేసి, మూసుకుపోయిన కన్ను తెరిపించి, పక్కన వేరే ఫొటోలోని తాతయ్యను కలిపి, దండ వేసే పటంగా మార్చేవారు. దాన్ని మోసమని ఎవరూ అనలేదు. నేనూ అనను.

రంగుల ఫిలిం వచ్చాక టచింగ్ కొంతకాలం వెనకపట్టు పట్టింది. చిన్న 35 మి.మీ. నెగెటివ్ మీద పెన్సిలు నడవదు, ప్రింట్లు కలర్ ల్యాబులో మెషీన్ మీద వేస్తారు. ఆ మెషీన్లకు సరైన రంగు చూపడానికి కొడాక్ పంపే నమూనా కార్డుల మీద దశాబ్దాల పాటు ఉన్నది తెల్ల జాతి స్త్రీ ముఖమే, వేర్వేరు చర్మ ఛాయలున్న కార్డులు 1990ల దాకా రాలేదు. మేకప్, సాఫ్ట్ ఫిల్టర్, ఫ్లాష్ కాస్త ఎక్కువ, వీటితోనే నెట్టుకొచ్చారు. పెళ్లి ఫొటోల్లో ముఖాలు పాలిపోయినట్టు తెల్లబడింది కూడా ఆ కాలంలోనే.

1990 ఫిబ్రవరిలో అడోబీ ఫొటోషాప్ మొదటి వెర్షన్ వచ్చింది. టచింగ్ చేసేవాళ్లకు నిజమైన మలుపు మాత్రం 2002లో ఏడో వెర్షన్‌తో వచ్చిన హీలింగ్ బ్రష్. మచ్చ మీద నొక్కితే పక్క చర్మపు నునుపుతో అది పూడుకుపోతుంది. డెస్కు మీద పూట పట్టే పని నిమిషాల్లోకి దిగింది. సరిగ్గా అప్పుడే అమెరికాలో, యూరప్‌లో కాగితం ప్రూఫులు పోయి, కస్టమర్‌ను కూర్చోబెట్టి తెర మీద ఫొటోలు చూపించి ఆర్డరు తీసుకునే పద్ధతి పెరిగింది. తెర మీద చూపేది నిగనిగలాడాలి కదా. అలా టచింగ్ అమ్మకం తర్వాతి మెట్టు నుంచి ముందు మెట్టుకు జరిగింది.

విచిత్రంగా మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు పాత ప్రూఫు పద్ధతినే తెలియకుండా నిలబెట్టారు. వేల ఫొటోలు తీసి హార్డ్ డిస్కులోనో పెన్ డ్రైవ్‌లోనో ఉన్నవున్నట్టు ఇస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుని, అత్తగారి వైపు వాళ్లు ఎంతమంది పడ్డారో లెక్కలు చూసుకుని, ఆల్బమ్‌కి కావలసినవి ఎంచి పంపుతారు. తర్వాత డిజైనర్ చెయ్యి పడుతుంది. ఆ సెలక్షన్ నెలల తరబడి తేలకపోవడం వేరే గోల.

ఇప్పుడు ఆ కూలి ఖర్చు కూడా దాదాపు సున్నాకు దిగింది. కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు వేల ముఖాలను వరసపెట్టి, కాఫీ తాగి వచ్చేలోగా, ఒకే మోస్తరుగా నునుపు చేసి పెడుతున్నాయి. దిద్దని ఫొటోను కస్టమర్‌కి చూపించడానికి ఆర్థికంగా ఏ కారణమూ మిగల్లేదు. మనిషి తన ఫొటోను చూసుకోకముందే, ఏది లోపమో ఒక ప్రోగ్రాము తేల్చేస్తోంది. ఫోన్లూ ఇంతే. 2018లో కొత్త ఐఫోన్ సెల్ఫీలు చర్మాన్ని నునుపు చేస్తున్నాయని గోల లేస్తే యాపిల్ సాఫ్ట్‌వేర్ సరిచేసింది. 2020లో గూగుల్ తన పిక్సెల్ ఫోన్లలో ముఖం దిద్దే సదుపాయాన్ని అడిగితే తప్ప పనిచేయకుండా పెట్టింది. అదే ఏడాది మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరులోంచి ‘ఫెయిర్’ పోయింది, షాదీ డాట్ కామ్ చర్మం రంగును బట్టి వెతికే సదుపాయాన్ని తీసేసింది. స్టూడియోలో ‘కొంచెం బ్రైట్ చెయ్యండి’ అన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు.

చట్టాలు ఈ గడప దాకా రాలేదు. ఫ్రాన్స్‌లో 2017 నుంచి, మోడళ్ల శరీరాకృతిని సన్నగానో లావుగానో మార్చిన వాణిజ్య ఫొటోల మీద ఆ సంగతి రాయాలి. నార్వేలో 2022 నుంచి ప్రకటనలకు ఇలాంటి నియమమే ఉంది. రెండూ ప్రకటనల కోసం చేసినవి. డబ్బిచ్చి తన ముఖమే కొనుక్కునే మనిషి వాటి పరిధిలో లేడు. పాస్‌పోర్టు లాంటి గుర్తింపు ఫొటోలకే ముఖం దిద్దకూడదన్న గట్టి నిబంధన ఉంది.

వృత్తిలోవాళ్లు ఎక్కువమంది పాటించే లెక్క ఒకటుంది: రెండు వారాల్లో దానంతటదే పోయేదైతే అడగకుండా తీసేయవచ్చు, ఉండిపోయేదైతే అడగాలి. మొటిమ, గీరుకున్న గాయం, ఎగిరిన వెంట్రుక మొదటి రకం. పుట్టుమచ్చ, కుట్ల గుర్తు, ముడతలు, బుగ్గ సొట్ట రెండో రకం. నాకు ఇది మంచి లెక్కే అనిపిస్తుంది, దానికి చర్మం రంగును కూడా కలుపుతాను. రంగు రెండు వారాల్లో పోయేది కాదు. అడగకుండా దాన్ని ముట్టుకునే హక్కు ఎవరికీ లేదు. చూపించే ముందు ఎంత దిద్దాలని ఎవరైనా అడిగితే నా సలహా ఇంతే: పోయేవి తీసి చూపించండి, ఉండేవి ఉంచి చూపించండి. ఆర్డరు కాస్త తగ్గవచ్చు. అది మీ వ్యాపారపు ఖర్చు.

కానీ ఈ లెక్క అంతా కొనేవాడూ ఫొటోలో ఉన్నవాడూ ఒకరే అనుకుని వేసింది. 2021లో ఫ్లోరిడాలోని ఒక హైస్కూలు తన ఇయర్‌బుక్‌లో (ఏటా విద్యార్థుల ఫొటోలతో వేసే పుస్తకంలో) 80 మంది ఆడపిల్లల ఫొటోలను మార్చి, మెడ కింద గుడ్డముక్క అతికించినట్టుగా ఛాతీ కప్పేసింది. పిల్లలకు ఆ సంగతి తెలిసింది పుస్తకం అచ్చయి చేతికొచ్చాకే. గొడవయ్యాక డబ్బు వాపసు ఇస్తామన్నారు. అమెరికా స్కూలు ఫొటోల ఆర్డరు ఫారాల్లో మచ్చలు తీయడానికింత, పళ్లు తెల్లబరచడానికింత అని అదనపు రేట్లు ఉంటాయి. అక్కడి మన తెలుగు ఇళ్లలోనూ ఏటా ఆ ఫారం వస్తుంది. టిక్కు పెట్టేది అమ్మానాన్నలు. ఆ ముఖం ఏడో తరగతి పిల్లది, చాలా ఇళ్లలో ఆ పిల్లను అడగనైనా అడగరు. పెళ్లిచూపుల ఫొటోకి మేనమామ చెప్పిన మాటకూ ఈ టిక్కుకూ నాకు పెద్ద తేడా కనిపించడం లేదు.