గింజలన్నీ ఒకేసారి ఎందుకు కారిపోవు?

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

కొట్టం మూలన పడి ఉన్న పాత విత్తే యంత్రాన్ని బయటికి లాగి మూత తెరిచినప్పుడు మీ అందరిలోకీ చిన్నది ఒక ప్రశ్న అడిగింది. "పెట్టె నిండా గింజలు పోస్తారు కదా, అడుగున వరుసగా చిల్లులున్నాయి కదా, మరి గింజలన్నీ ఒకేసారి కారిపోవా?" అప్పుడు అందరూ పనిలో ఉండి ఎవరూ బదులు చెప్పలేదు. కానీ ఆ యంత్రానికి ప్రాణమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. దాన్ని బాగు చేయడమంటే ప్రతి చిల్లు దగ్గరా ఆ ప్రశ్నకు సరైన జవాబు వచ్చేలా చూడటమే. విత్తే రోజులు దగ్గరపడుతున్నాయి కాబట్టి జవాబు ఇప్పుడే రాస్తున్నాను.

నిలువుగా తిరిగే రంగులరాట్నం మీరు ఎక్కే ఉంటారు. కింద ఎంతమంది బారు తీరి నిలబడినా ఒక్కో తొట్టిలో పట్టేది ఇద్దరో ముగ్గురో. చక్రం కదిలితే తొట్టి నిండుతుంది, ఇంకాస్త తిరిగితే అవతలి వైపు దిగిపోతారు. చక్రం ఆగితే ఎక్కేవాళ్లూ ఆగాలి, దిగేవాళ్లూ ఆగాలి. విత్తనాల పెట్టె అడుగున ప్రతి చిల్లు దగ్గరా అలాంటి బుల్లి రాట్నం ఒకటి ఉంది. పిడికిట్లో పట్టేంత ఇనుప రోలరు అది. దాని చుట్టూ గాడులుంటాయి. ఆ గాడులే తొట్లు. గింజలు బరువుకు గాడుల్లోకి జారతాయి, రోలరుతో పాటు తిరిగి గొట్టంలోకి రాలతాయి. రోలరు ఆగిందంటే పైనున్న గింజలకు దారి లేదు.

ఈ రాట్నాలన్నీ ఒకే పొడవాటి ఇరుసుకు గుచ్చి ఉంటాయి. పక్కనున్న మీటను జరిపితే ఇరుసు పక్కకు జరిగి గాడుల్లో కొంత భాగం గింజల్లోకి వస్తుంది, లేదా గింజలకు అందకుండా దాక్కుంటుంది. నలుగురు కూర్చునే తొట్టిని ఇద్దరి తొట్టి చేసినట్టన్నమాట. ఎకరానికి ఎన్ని కిలోలు పడాలో ఆ మీటే తేలుస్తుంది. రోలరు కింద చిన్న తలుపు కూడా ఉంటుంది. శనగల్లాంటి పెద్ద గింజలు పోసినప్పుడు దాన్ని కాస్త దించాలి, మూటలతో వచ్చినవాళ్లకు దారి వెడల్పు చేసినట్టు. దించకపోతే గింజ నలిగి రెండు బద్దలవుతుంది, బద్ద మొలవదు.

మరి రాట్నాన్ని తిప్పేదెవరు? నేలే తిప్పుతుంది! యంత్రం కదులుతుంటే దాని చక్రం నేల మీద దొర్లుతుంది. చక్రం నుంచి గొలుసు, పళ్ల చక్రాల మీదుగా ఆ కదలిక పెట్టె అడుగునున్న ఇరుసుకు చేరుతుంది. మెల్లగా లాగితే రోలరు మెల్లగా తిరుగుతుంది, వేగంగా లాగితే వేగంగా తిరుగుతుంది. ఎలా లాగినా గజం నేలకు పడే గింజలు మాత్రం దాదాపు అవే. దీన్ని ఆలోచించినవాళ్ల తెలివికి నేను ఇప్పటికీ ఆశ్చర్యపోతాను. నేల తనకు కావలసిన గింజలను తానే కొలిచి తీసుకుంటోంది!

నా చిన్నతనంలో మా ఇంట్లో ఉన్నది ఎద్దుల గొర్రు. దాని మీద జడ్డిగం అనే చెక్క గిన్నె, గిన్నె అడుగున రంధ్రాలు, రంధ్రాల నుంచి కిందికి వెదురు గొట్టాలు. రోలరు లేదు, గొలుసు లేదు. కొలత అంతా గింజలు వదిలే మనిషి పిడికిలిదే. మా నాయనమ్మ గొర్రు వెంట నడుస్తూ వేళ్ల సందుల్లోంచి గింజలు జార్చేది. అడుగు పడే తీరును బట్టి వేళ్లు వదులయ్యేవి, బిగిసేవి. నా పని వెనకాల నడిచి ఏ గొట్టంలోనైనా మట్టి ఇరుక్కుందేమో చూడటం. ఇరుక్కుంటే అరిచి ఎద్దులను ఆపించాలి. మొలకలు వచ్చాక చూస్తే ఆవిడ వేసిన సాళ్లలో ఎక్కడా వెలితి ఉండేది కాదు. గాడుల రోలరు చేసే పని ఆవిడ వేళ్లు చేసేవి.

గొట్టంలోంచి గింజను సాలులోకి జార్చాలన్న ఆలోచన చాలా పాతది. మెసొపొటేమియాలో నాగలికి గరాటు గొట్టం బిగించి విత్తుతున్న బొమ్మలు ప్రాచీన ముద్రల మీద కనిపిస్తాయి. చైనాలో క్రీస్తుకు పూర్వమే అనేక గొట్టాల గొర్రులు వాడారు. 1701లో ఇంగ్లండులో జెత్రో టల్ అనే ఆయన తిరిగే రోలరుతో గింజను కొలిచి, ఒకేసారి మూడు సాళ్లలో విత్తే యంత్రం చేశాడు. ఆ ఆలోచన ఆయనకు ఆర్గన్ అనే వాద్యం లోపలి భాగాలను చూస్తే తట్టిందట. పొలం పనికి సంగీతం దారి చూపింది. అందుకే పిల్లలూ, ఏ వస్తువు లోపలైనా తొంగి చూసే అలవాటు మానకండి.

ఇక మన యంత్రం సంగతి. ముందు పెట్టె ఖాళీ చేయాలి. పాత గింజలు, ఎలుకల గూళ్లు, గట్టిపడిన ఎరువు, ఇవన్నీ గాడుల్లో పేరుకుని ఉంటాయి. తొట్టిలో ఎవరో సామాను వదిలేసి వెళ్తే అక్కడ మనిషికి చోటెక్కడ? గాడిలో మట్టి ఉన్నా అంతే, గింజకు చోటు తగ్గిపోతుంది. వెదురు పుల్లతో గీకి, కుంచెతో దులపండి. పేరుకున్న ఎరువు తడిని పీల్చుకుంటుంది, దాంతో అక్కడి ఇనుము తుప్పు పడుతుంది, అక్కడ ఇంకా జాగ్రత్త. బిగుసుకుపోయిన రోలరు మీద సుత్తి ఎత్తకండి. రోలర్లు కూర్చునే గిన్నెలు పోత ఇనుము, దెబ్బ పడితే వంగవు, పగులుతాయి. తుప్పు వదిలించే నూనె వేసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు కొంచెం కదిపి మళ్లీ నూనె వేయండి. బలం చూపాల్సిన చోటు కాదది. ఓపిక పడితే ఇనుమే మన మాట వింటుంది.

గొట్టాలను ఒక్కొక్కటిగా విప్పి కంటికి ఎదురుగా పెట్టుకుని చూడండి. వెలుతురు అవతలి వైపు కనిపించాలి. కొట్టంలో చాలాకాలం ఉన్న గొట్టంలో కందిరీగ మట్టి గూడు కట్టి ఉండటం మామూలే. పాత రేకు గొట్టాలు చీలిపోతే మళ్లీ అవే వెతకనక్కరలేదు, లోపల నునుపుగా ఉన్న ప్లాస్టిక్ గొట్టం సరిపోతుంది. అవతలివైపు కనిపించే రకమైతే మరీ మంచిది, గింజ జారడం వెనక నడిచేవాళ్లకు కనబడుతుంది. చిన్నప్పుడు వెదురు గొట్టాలకు ఆ సౌకర్యం ఉంటే నా గొంతుకు చాలా శ్రమ తప్పేది.

సాలు తీసే ఇనుప బిళ్లలను నిదానంగా చూడాలి. జంట బిళ్లలున్న యంత్రంలో అవి ముందువైపు, నేలను కోసే చోట ఒకదానికొకటి ఆనుకుని ఉండాలి. అరిగిపోతే అక్కడ సందు వస్తుంది. అప్పుడు సాలు నడుమ సన్నని మట్టి గట్టు మిగిలిపోయి, గింజ దాని మీద పడి లోతు తప్పుతుంది. చూడటానికి ఒక ఉపాయం ఉంది. రెండు మందపాటి కాగితం ముక్కలను ముందునుంచి ఒకటి, వెనకనుంచి ఒకటి బిళ్లల మధ్యకు జార్చండి. అవి ఆగిన చోట్ల మధ్య దూరమే బిళ్లల ఆనిక. ఒక కాగితం ఆగకుండా ఇటునుంచి అటు వెళ్లిపోయిందంటే బిళ్లలను దగ్గరికి జరపాలి, లేదా కొత్తవి వేయాలి. ఈ పని పెద్దవాళ్ల ఎదుటే చేయండి. బిళ్ల అంచు కత్తిలాంటిది. పైకెత్తిన యంత్రం కింద దిమ్మలు పెట్టనిదే చెయ్యి పెట్టకూడదు. చక్రం తిరుగుతుంటే పెట్టెలో వేలు పెట్టకూడదు. మందు కలిపిన గింజలను చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

చిన్న మడిలో విత్తడానికి ఈ పాత పెట్టె మరీ పెద్దది. కొద్దిపాటి గింజలు పోస్తే అడుగున పలచగా పరుచుకుని, నేల కాస్త వాలుగా ఉంటే ఒక పక్కకు చేరతాయి. ఎగువ వైపు రోలరు వట్టిగా తిరుగుతుంది. అందుకని పెట్టె లోపల చెక్క పలకలతో అడ్డగోడలు పెట్టి ఒక్కో రోలరుకు ఒక్కో గది చేద్దాం. ఏ గదిలో పోసిన గింజ ఆ గదిలోనే ఉంటుంది. సాళ్ల మధ్య ఎడం ఎక్కువ కావలసిన పంటకు ఒక చిల్లు విడిచి ఒక చిల్లు మూసేస్తే చాలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు ఈ అడ్డగోడలే. ఖర్చు లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు.

ఇప్పుడు లెక్క. పెన్సిలు తీయండి. మన యంత్రానికి 9 సాళ్లు, సాలుకూ సాలుకూ 20 సెంటీమీటర్లు, అంటే వెడల్పు 1.8 మీటర్లు. చక్రం అడ్డుకొలత 1.2 మీటర్లు. ఒక చుట్టు తిరిగితే దాదాపు 3.77 మీటర్లు దొర్లుతుంది. రెండూ గుణిస్తే చుట్టుకు సుమారు 6.8 చదరపు మీటర్లు. సెంటు నేల 40.47 చదరపు మీటర్లు కాబట్టి 12 చుట్లకు రెండు సెంట్లు అవుతుంది. గోధుమ ఎకరానికి 40 కిలోలు వేయాలనుకుంటే రెండు సెంట్లకు 800 గ్రాములు. యంత్రాన్ని జాకీ మీద ఎత్తి, దిమ్మలు పెట్టి, ప్రతి గొట్టానికీ ఒక సంచి కట్టి, చక్రాన్ని చేత్తో 12 చుట్లు తిప్పండి. మొత్తం 800 గ్రాములు రావాలి. ఒక్కో సంచిలో 89 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. మొత్తం సరిగ్గా ఉండి ఒక సంచిలో 60, ఇంకో సంచిలో 110 వచ్చిందా, మీటను ముట్టుకోకండి. ఆ రెండు రోలర్లను విప్పి చూడండి. చివరి సాలుకు తక్కువ పెట్టి మధ్య సాలుకు ఎక్కువ పెట్టడం ఇంట్లో అయినా పొలంలో అయినా మంచి పద్ధతి కాదు.

మెత్తటి దుక్కిలో చక్రం కాస్త జారుతుంది, జారినంత మేరా రోలరు తిరగదు. అందుకని చక్రం మీద సున్నంతో గీత పెట్టి పొలంలో 10 చుట్లు దొర్లించి, ఎంత దూరం వచ్చిందో టేపుతో కొలవండి. 37.7 మీటర్ల కంటే ఎక్కువ వస్తే చక్రం జారుతోందని అర్థం. అప్పుడు కొలిచిన దూరంతోనే లెక్క మళ్లీ వేయాలి.

ఇంకా స్ప్రింగుల బిగువు, మట్టి కప్పే గొలుసులు, మలుపులో యంత్రాన్ని ఎత్తగానే ఇరుసును ఆపే కొక్కెం ఉన్నాయి. వాటి గురించి ఇక్కడ రాయను. యంత్రం పక్కన కూర్చుని చేత్తో కదిపి చూస్తే అర్ధగంటలో మీకే అర్థమవుతుంది, నేను పది పేజీలు రాసినా అంత అర్థం కాదు.

విత్తే రోజున మొదటి సాలు వేయగానే యంత్రాన్ని ఆపించండి. ఒక మీటరు పొడవున మట్టిని వేళ్లతో మెల్లగా తప్పించి గింజలు లెక్కపెట్టండి. వెయ్యి గోధుమ గింజలు సుమారు 40 గ్రాములు తూగితే మీటరు సాలులో 50 గింజల దాకా కనిపించాలి, నాలుగైదు సెంటీమీటర్ల లోతున. మళ్లీ కప్పేయడం మరిచిపోకండి. మొలకలు వచ్చాక పొద్దున్నే వెళ్లి సాళ్ల వెంట నడవండి. ఎక్కడ ఖాళీ కనిపిస్తే అది ఏ గొట్టం సాలో పుస్తకంలో రాసి నాకు పంపండి. అందుకు గొట్టాలకు నంబర్లు ఉండాలి కదా, ఆ పని ఈ ఆదివారమే చేయండి. యంత్రం వెనక నిలబడి ఎడమ చివర నుంచి ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టండి. తెల్ల రంగు, సన్న కుంచె కొట్టంలో కిటికీ పక్క అరలో ఉన్నాయి.

మీ తాతయ్య