మందులకు లొంగని మలేరియా, మొక్కల మందులు: అపోహలు – వాస్తవాలు

మొక్కల సారాలు మలేరియా పరాన్నజీవి మీద పనిచేస్తాయో లేదో పరీక్షించడం నా ఉద్యోగం. క్వినైన్ సింకోనా బెరడు నుంచి వచ్చింది, ఆర్టిమిసినిన్ ఆర్టిమీసియా ఆకు నుంచి వచ్చింది. తర్వాతి మందు కూడా ఏదో ఒక మొక్కలో ఉండొచ్చన్న ఆశతోనే ల్యాబ్‌లో కూర్చుంటాను. అందుకే వాట్సాప్‌లో తిరిగే కొన్ని మాటలు చూస్తే టెన్షన్‌గా ఉంటుంది.

అపోహ: ల్యాబ్‌లో పరాన్నజీవిని చంపిందంటే మందు దొరికినట్టే.

వాస్తవం: ల్యాబ్‌లో చంపడం తేలిక. 'ఓ-పాజిటివ్' గ్రూపు ఎర్ర రక్తకణాల్లో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవిని పెంచుతాం, సారం కలుపుతాం, రెండు మూడు రోజులకు ఎంత మిగిలిందో కొలుస్తాం. కుంకుడుకాయకు నురుగునిచ్చే సాపోనిన్ల లాంటివి చాలా మొక్కల్లో ఉంటాయి. అవి ఎర్రకణాన్నే పగలగొడతాయి. కణం పోతే లోపలి పరాన్నజీవీ పోతుంది, అంకెల్లో మాత్రం మొక్క గెలిచినట్టు వస్తుంది. అందుకే గీమ్సా రంగు వేసిన స్లైడ్ మైక్రోస్కోపు కింద చూడకుండా నేను ఏ అంకెనూ నమ్మను. కణాలు చెక్కుచెదరకుండా ఉండి, లోపలి పరాన్నజీవి మాత్రం ముడుచుకుపోయి ముదురు చుక్కలా కనపడాలి. అదే సారాన్ని కాలేయ కణాల మీద కూడా వేసి చూస్తాం. రెండింటినీ ఒకే మోతాదులో చంపితే అది విషమే. ముడి సారమైతే మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల లోపే పరాన్నజీవుల పెరుగుదలను సగానికి తగ్గించాలి. 100 దగ్గర పనిచేసిందని రాసే పేపర్లూ ఉన్నాయి. కషాయం తాగి రక్తంలో అంత మోతాదు తెచ్చుకోవడం జరిగే పని కాదు.

అపోహ: చేదుగా ఉంటే చలిజ్వరానికి పనికొస్తుంది.

వాస్తవం: నాలుక మీద నిర్ణయమయ్యేది కాదిది. కటుకరోహిణి లాంటి కటిక చేదు మొక్కలతో తయారైన ఆయుష్-64 అనే ఆయుర్వేద మందును వైవాక్స్ రకం మలేరియా రోగుల్లో క్లోరోక్విన్ మాత్రలతో పోల్చి చూసినప్పుడు బాగా వెనకబడింది.

అపోహ: పరాన్నజీవి మాత్రలకు అలవాటు పడుతుంది గానీ మొక్కలకు పడదు.

వాస్తవం: ఆర్టిమిసినిన్ మొక్కదే కదా! పడమటి కంబోడియాలో అది నెమ్మదించిందని 2008–09 నాటికే బయటపడింది. కెల్చ్13 అనే జన్యువులో మార్పులు కారణమని తర్వాత తేలింది. ఇప్పుడు రువాండా, ఉగాండాల్లోనూ ఉంది. క్లోరోక్విన్‌కు లొంగని రకాలు మామూలు పరీక్షలోనే దొరికిపోతాయి. ఆర్టిమిసినిన్‌ను తట్టుకునేది అలా దొరకదు. కణంలోకి చేరిన తొలి గంటల్లో అది ఎదుగుదల ఆపేసుకుని, మందు పోయాక మళ్లీ మొదలుపెడుతుంది. అందుకని కణంలోకి చేరి 3 గంటలు దాటని పరాన్నజీవులకు 6 గంటలు మందు పట్టించి, కడిగేసి, మూడో రోజు ఎన్ని బతికాయో లెక్కపెడతారు. 'రెసిస్టెంట్ మలేరియాకు మొక్క మందు' అని ఎవరైనా అంటే, ఏ మందుకు రెసిస్టెంట్ అని ముందు అడగండి.

అపోహ: జ్వరం తగ్గింది, అంటే కషాయం పనిచేసింది.

వాస్తవం: మన రోడ్ల పక్కన ముళ్ల ఆకులతో, పసుపు పూలతో పెరిగే బ్రహ్మదండి పశ్చిమాఫ్రికాలోని మాలిలోనూ ఉంటుంది. అక్కడి పరిశోధకులు పని ల్యాబ్‌లో మొదలుపెట్టలేదు. ఎవరు ఏ మొక్క వాడారు, ఎవరికి నయమైందని ముందు ఊళ్లలో కుటుంబాలను అడిగారు. ఆ తర్వాత మోతాదు తేల్చుకుని, బ్రహ్మదండి కషాయాన్ని ఏసీటీ మాత్రలతో (ఆర్టిమిసినిన్ రకం మందుకు మరో మందు జత చేసినవి) పోల్చి 301 మందితో ట్రయల్ చేసి 2010లో ప్రచురించారు. 28 రోజుల్లో వేరే మందు అవసరపడనివాళ్లు కషాయంతో 89 శాతం, మాత్రలతో 95 శాతం. ఎంతో నిజాయతీగా చేసిన పని అది. కానీ మోతాదు తేల్చే దశలో చాలామందికి ఒంట్లో బాగున్నా, రక్తంలో పరాన్నజీవి పూర్తిగా పోలేదు. తరచూ మలేరియా వచ్చే ఊళ్లలో పెద్దవాళ్లకు కొంత నిరోధకశక్తి ఉంటుంది, మిగిలినవాటిని అది అణచిపెడుతుంది. హైదరాబాద్ నుంచి అరకు వెళ్లి జ్వరం తెచ్చుకున్నవాళ్లకు ఆ రక్షణ ఉండదు, పసిపిల్లలకూ ఉండదు. ఇంకొకటి కూడా చెప్పాలి. ఇదే బ్రహ్మదండి గింజల నూనె ఆవనూనెలో కలిసి 1998లో ఢిల్లీలో ఒళ్లు వాచిపోయే డ్రాప్సీ వ్యాపించింది, మనుషులు చనిపోయారు. ట్రయల్‌లో వాడింది ఆకుల కషాయం, గింజలు కావు. దయచేసి ఇంట్లో ప్రయోగం చేయొద్దు.

అపోహ: ఎంత మరిగిస్తే అంత సారం దిగుతుంది.

వాస్తవం: చైనా శాస్త్రవేత్త టూ యూయూ బృందానికి ఆర్టిమీసియా మొదట్లో నిలకడగా పనిచేయలేదు. దాన్ని నీళ్లలో నానబెట్టి పిండి ఆ రసం తాగాలని ఒక పాత వైద్యగ్రంథంలో ఉంది, మరిగించమని లేదు. దాంతో ఆమె తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971 అక్టోబరులో అది ఎలుకల్లో పరాన్నజీవిని పూర్తిగా తుడిచేసింది. 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మే ఆర్టిమీసియా టీ సంగతి వేరు. ఆర్టిమిసినిన్ నీళ్లలో సరిగా కరగదు, ఆకు ఆకుకీ మోతాదు మారిపోతుంది. అరకొర మోతాదు తట్టుకుని బతికిన పరాన్నజీవులే మళ్లీ పెరుగుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీని సిఫారసు చేయడం లేదు. చలితో జ్వరం వస్తే ముందు రక్త పరీక్ష. ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర కిట్ ఉంటుంది.

ఏజెన్సీలో మందు తెలిసిన పెద్దవాళ్లను కలిసినప్పుడు మొక్క పేరు ఒక్కటీ రాసుకుని రావడం సరిపోదు. ఏ నెలలో కోస్తారు, వేరా ఆకా, పచ్చిదా ఎండిందా, నూరుతారా కాస్తారా, ఎన్ని రోజులిస్తారు, ఎవరికి ఇవ్వరు, అన్నీ అడగాలి. ఒక కొమ్మను పూలతో సహా ఎండబెట్టి హెర్బేరియంలో, అంటే ఎండిన మొక్కల నమూనాలు దాచే చోట పెట్టాలి. అది లేకపోతే మరుసటి ఏడాది తెచ్చింది అదే మొక్క అని ఎవరూ రుజువు చేయలేరు.