కిటికీలో సీసా, ఫ్రిజ్‌లో సీసా

మే నెలలో బావ డాలస్ నుంచి అనంతపురం వస్తూ రెండు సీసాల బీరు తెచ్చాడు. కొన్నది కాదు, తన గ్యారేజీలో తనే కాచింది. అక్కడ అది తప్పు కాదు. 1978లో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, అంటే దాదాపు 378 లీటర్లు, ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో ఉంటే 200 గ్యాలన్లు, ఇంటి వాడకానికి పన్ను కట్టకుండా కాచుకోవచ్చు. మన దగ్గర లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే ఎక్సైజు వాళ్లు తలుపు తడతారు. నేనూ ఆ దేశంలో ఉన్న మూడేళ్లు ఈ పిచ్చి పట్టినవాణ్నే. అందుకే బావ "ఎట్లుందో మొహమాటం లేకుండా చెప్పు బామ్మర్దీ" అని సీసాలు నా చేతిలో పెట్టాడు.

ఒకటి ఫ్రిజ్‌లో పెట్టాను. రెండోది అమ్మకు దొరికింది. తెల్ల గాజు సీసా, లోపల ఎర్రటి తేనె రంగు. నన్నారి షర్బత్ కాబోలనుకుని వంటింటి కిటికీలో పెట్టింది. నేను చూసేసరికి నాలుగు రోజులైంది. అనంతపురం ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ముందు విసుక్కున్నాను, తర్వాత సంతోషపడ్డాను. ఒకే కాపు నుంచి రెండు సీసాలు, ఒకటి చలిలో, ఒకటి ఎండలో. కావాలని చేసినా ఇంత చక్కని ప్రయోగం కుదరదు.

బీరుకు మూలం మాల్ట్. సీమవాళ్లకు అది కొత్త మాటేం కాదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటగట్టి మొలకెత్తించి, ఆరబెట్టి పిండి పట్టిస్తే రాగి మాల్ట్. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ ఎంజైములు తయారవుతాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టేవి అవే. రాగుల బదులు బార్లీ వేసి, ఆ తీపి నీళ్లను చేదునిచ్చే హాప్స్ అనే పువ్వులతో మరిగించి, చల్లార్చి ఈస్ట్ కలిపితే బీరు. ఈస్ట్ చక్కెర తిని ఆల్కహాలు చేసేకొద్దీ ద్రవం పలచబడుతుంది. నీళ్ల సాంద్రత 1 అనుకుంటే, బావ నోటుబుక్కులో మొదటి సాంద్రత 1.050, చివరిది 1.010. ఆ తేడాను 131.25తో హెచ్చవేస్తే ఆల్కహాలు 5.25 శాతం.

ఆదివారం పొద్దున ముహూర్తం పెట్టుకున్నాం. ఉగ్గాని బజ్జీ చేస్తానంది అక్క. వద్దన్నాను, అదీ కష్టంగానే. బజ్జీ నూనె పెదాలకు అంటితే బీరు నురుగు క్షణాల్లో చచ్చిపోతుంది. పైగా మిరపకాయలోని క్యాప్సైసిన్, నోట్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే గ్రాహకాన్ని తట్టిలేపుతుంది. మామూలుగా అది 42 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి తగిలితేనే మంటంటుంది. ఆల్కహాలు తగిలితే 34 దగ్గరే మొదలు. అంటే ఒంటి వేడే చాలు. అందుకని ఉగ్గానికి తెచ్చిన బొరుగులు ఉత్తవే ముందు పెట్టుకున్నాం, గుక్క గుక్కకీ మధ్య నోరు శుభ్రం కావడానికి.

ఏది ఏ సీసానో తెలిస్తే ముక్కు అబద్ధం చెబుతుంది. దానికి మూడు గ్లాసుల పరీక్ష ఉంది. రెండింట్లో ఒకే బీరు, మూడోదాంట్లో వేరేది. వేరేది ఏదో పట్టాలి. కిటికీ సీసాను కూడా ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టాను, చల్లదనంలో తేడా ఉండకూడదు కదా. రంగు కనపడకుండా స్టీలు గ్లాసులు. అక్క లోపల పోసి తెచ్చింది. ఊరికే ఊహించినా మూడింట ఒకసారి సరిపోతుంది. వరసగా మూడుసార్లూ సరిపోవడానికి మాత్రం 27లో ఒక్క వంతే అవకాశం. నేను మూడుసార్లూ పట్టాను. గొప్పేం లేదు, ఆ గ్లాసు దగ్గరికి తెస్తుండగానే కాలిన రబ్బరు వాసన కొట్టింది.

ఆ వాసన వెలుగు చేసిన పని. బీరులో రైబోఫ్లేవిన్ ఉంటుంది, అంటే బి2 విటమిన్. అది నీలి వెలుగును పీల్చుకుని, ఆ శక్తితో హాప్స్ చేదు పదార్థాలను విరగ్గొడుతుంది. విరిగిన ముక్క గంధకంతో కలిస్తే థయోల్ అనే ఘాటు వాసన పదార్థం పుడుతుంది. లీటరులో కొన్ని నానోగ్రాములున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. 25 లక్షల లీటర్లు పట్టే పెద్ద ఈతకొలనులో 10 మిల్లీగ్రాములు, బియ్యపు గింజలో సగం బరువు, కలిపినట్టు లెక్క. గోధుమరంగు గాజు ఆ వెలుగును చాలావరకు ఆపుతుంది, తెల్ల గాజు ఆపదు. ఎండలో పెట్టిన పాలు రుచి మారడంలోనూ ఈ రైబోఫ్లేవిన్ చెయ్యి ఉంది.

దాని వెనకాల ఇంకో వాసన ఉంది, తడిసిన అట్టపెట్టెలాంటిది. ఇది వేడి, ఆక్సిజన్ కలిసి చేసేది. గింజలోని లినోలీయిక్ ఆమ్లం ఆక్సీకరణం చెందితే వచ్చే నోనెనాల్‌ను దీనికి ముఖ్య కారణంగా చెబుతారు. చెనక్కాయలు ముక్కిపోవడానికి మూలం కూడా ఆ ఆమ్లం పాడవడమే. ఆ వాసనలో పుట్టి పెరిగిన ఊళ్లవాళ్లం, మాకు వేరే శిక్షణ ఎందుకు? బీరు కాచేవాళ్లలో ఒక మోటు లెక్క ఉంది: 3 డిగ్రీల చలిలో 300 రోజులకు పోయే తాజాదనం 22 డిగ్రీల్లో 30 రోజులకు, 32లో 3 రోజులకు పోతుందని. మా వంటింటి కిటికీకి ఆ లెక్క కూడా చాలదు.

అమెరికాలో బీరు పోటీలకు మార్కులు 50. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోట్లో ఆనే తీరుకు 5, మొత్తం మీద ఎలా ఉందన్నదానికి 10. రంగు కనపడాలని తెల్ల సీసా ఎంచుకున్నాడు బావ, మూడు మార్కుల కోసం! కిటికీ సీసాకు 17 వేశాను. ఫ్రిజ్ సీసాకు 31.

ఆ 31 బావకు మింగుడు పడలేదు. "చేదు బాగుంది, నురుగు బాగుంది. ఆఖరున వెన్న రుచి తగులుతోంది" అన్నాను. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదిలితే తెలుస్తుంది అది. డయాసిటైల్ దాని పేరు, వెన్నకు కమ్మని వాసన ఇచ్చేది కూడా అదే. ఈస్ట్ పెరిగేటప్పుడు వదిలే ఒక పదార్థం బయట మెల్లగా డయాసిటైల్‌గా మారుతుంది. తొందరపడకుండా కొన్ని రోజులు కాస్త వెచ్చగా ఉంచితే ఆ ఈస్టే దాన్ని మళ్లీ తినేస్తుంది. బావ ప్రయాణం తొందరలో ముందే చల్లబరిచి, ఈస్ట్‌ను వడగట్టి, సిలిండరులోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కించి సీసాలకు పట్టాడట.

"పొద్దున తిన్న దోసెమీది వెన్నేమో అది" అన్నాడు.

దీనికీ పరీక్ష ఉంది. మిగిలిన నాలుగు గుక్కలు గ్లాసులో పోసి, పైన మూత పెట్టి, వంటింట్లో వేడినీళ్ల గిన్నెలో 20 నిమిషాలు ఉంచాను. ఈస్ట్ వదిలిన ఆ పదార్థం మారకుండా ఇంకా ఏమైనా మిగిలి ఉంటే వేడికి డయాసిటైల్‌గా మారిపోతుంది. తర్వాత చల్లార్చి మూత తీశాను. బావ వంగి వాసన చూసి ఏమీ మాట్లాడలేదు. కూరగాయలు తరుగుతున్న అమ్మ తలెత్తి, "వెన్న కాస్తాండారా ఏమన్నా?" అంది.