పశువుల పాకల్లో పళ్ల డాక్టర్లు: అపలాచియా ఉచిత శిబిరాల నేపథ్యం

అమెరికాలో పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్‌కు కోత పెట్టే చట్టంపై 2025 జులై 4న అధ్యక్షుడు ట్రంప్ సంతకం చేశాక, బీమా పోయినవారిని దాతల శిబిరాలు ఆదుకోగలవా అన్న పాత వాదం తూర్పు అమెరికాలోని అపలాచియా కొండల్లో మళ్లీ రాజుకుంది. ఆ వాదంలో ముందుగా వినిపించే పేరు ఉచిత వైద్య శిబిరాలు నడిపే ‘రిమోట్ ఏరియా మెడికల్’. టీవీలో వన్యప్రాణుల కార్యక్రమంతో పేరుపొందిన స్టాన్ బ్రాక్ 1985లో ఆ సంస్థను స్థాపించడం, 1992లో టెన్నెసీ రాష్ట్రంలోని స్నీడ్‌విల్‌కు పికప్ ట్రక్కులో పళ్ల డాక్టరు కుర్చీ మోసుకెళ్లడం చాలామంది ఎరిగిన సంగతులే.

అసలు మలుపు 1995లో వచ్చింది. అమెరికాలో డాక్టరు లైసెన్సు సాధారణంగా ఇచ్చిన రాష్ట్రంలోనే చెల్లుతుంది. పొరుగు రాష్ట్రపు దంతవైద్యుడు పైసా పుచ్చుకోకుండా పన్ను పీకినా చట్టవిరుద్ధమే. ఉచితంగా సేవ చేసేవారికి ఆ అడ్డు తొలగిస్తూ టెన్నెసీ ఆ ఏడాది చట్టం చేసింది. అయితే వారాంతంలో వచ్చి వెళ్లే వైద్యుడికి దారి ఇచ్చిన ఆ చట్టం, ఊళ్లోనే ఉండే వైద్యుణ్ని తేలేకపోయింది. (శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న వీసా నిబంధన నుంచి మినహాయింపు కోసం అక్కడ మూడేళ్లు పనిచేయడానికి ఒప్పుకుని వచ్చిన భారతీయ డాక్టర్లే, వారిలో తెలుగువారితో సహా, ఆ లోటు కొంత పూడ్చారు.)

ఊళ్లో వైద్యుడు లేకపోతే ఏమవుతుందో పొరుగు రాష్ట్రమైన వర్జీనియాలోని వైజ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) కళ్లకు కట్టింది. 2000లో మొదలైన అక్కడి శిబిరానికి వచ్చేవారు రాత్రంతా కార్లలో పడుకుని, తెల్లవారకముందే టోకెన్ల కోసం బారులు తీరేవారు. ప్రదర్శన మైదానంలోని పశువుల పాకలకు పరదాలు కట్టి పరీక్షలు చేసేవారు. ఎక్కువమంది అడిగేవి పళ్ల వైద్యం, కళ్లజోళ్లు. మళ్లీ చూపించుకునే వీలు లేనివారికి పన్ను పీకించుకోవడమే మిగిలిన చికిత్స. చక్కెర జబ్బుకైతే అదీ లేదు, దానికి నెలనెలా చూసే మనిషి కావాలి. 2013లో పొరుగునున్న లీ కౌంటీ ఆసుపత్రి కూడా మూతపడింది.

వర్జీనియా 2019 జనవరిలో మెడికెయిడ్‌ను మరింతమంది పేద వయోజనులకు విస్తరించి, 2021 జులైలో వయోజనుల దంతవైద్యాన్ని అందులో చేర్చింది. వాలంటీర్లకు తలుపు తెరిచిన టెన్నెసీ మాత్రం ఆ విస్తరణకు నేటికీ ఒప్పుకోలేదు.

కోతను సమర్థించేవారు అదే చట్టంలోని 5,000 కోట్ల డాలర్ల గ్రామీణ ఆరోగ్య నిధిని చూపుతున్నారు. కొత్త చట్టం ప్రకారం, విస్తరణ కింద బీమా పొందిన వయోజనుల్లో చాలామంది 2027 నుంచి నెలకు 80 గంటల పనికి రుజువు చూపాలి. బొగ్గు గనులు మూతపడిన ఊళ్లలో ఆ పని ఎక్కడ దొరుకుతుందో చట్టంలో లేదు.