బీమా కంపెనీ అప్పు: 2015లో మారిన లెక్క

బీమా రంగంలో విదేశీ పెట్టుబడి పరిమితిని 100 శాతానికి పెంచే బిల్లుకు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదం తెలిపాక, ప్రభుత్వ బీమా సంస్థలకు మూలధనం ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. జాతీయీకరణ, ప్రైవేటు కంపెనీల రాక అందరికీ తెలిసినవే. అసలు మలుపు 2015లో ఉంది.

అంతకుముందు బీమా కంపెనీ మూలధనమంటే వాటాదారుల డబ్బే. ఆ ఏడాది చట్ట సవరణ 'ఇతర రూపాల మూలధనం' అనే మాట తెచ్చింది. నవంబరులో హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధనలు రాసింది. సబార్డినేటెడ్ డెట్, అంటే కంపెనీ మూతపడితే పాలసీదారులకు, మామూలు అప్పులవాళ్లకు ఇచ్చాకే తీర్చే అప్పు, సాల్వెన్సీ, అంటే క్లెయిములు తీర్చగల స్తోమత, లెక్కలో చేరింది. చేతిలో కనీసం ఎంత ఉండాలో దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 150 శాతం, చూపాలి. అంతకు తగ్గితే ఆ లోటును ఇక అప్పుతోనూ పూడ్చుకోవచ్చు.

2017 మార్చిలో కోల్‌కతాలోని ప్రభుత్వ సంస్థ నేషనల్ ఇన్సూరెన్స్ ఈ దారిలో 895 కోట్లు తెచ్చింది. పదేళ్ల బాండ్లు, వడ్డీ 8.35 శాతం. ఏటా దాదాపు 75 కోట్లు వడ్డీకే పోతాయి. ఆ తర్వాత మరో రెండు ప్రభుత్వ బీమా సంస్థలు యునైటెడ్ ఇండియా, ఓరియంటల్ కూడా అదే బాట పట్టాయి. కాగితం మీద నిష్పత్తి నిలబడింది కానీ జబ్బు తగ్గలేదు. తక్కువ ప్రీమియానికి రాసిన గ్రూప్ ఆరోగ్య పాలసీలు, ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగి వడ్డీతో సహా తిరిగొచ్చే థర్డ్ పార్టీ క్లెయిములు (వాహన ప్రమాదాల్లో ఎదుటివారికి చెల్లించే పరిహారం) అలాగే ఉన్నాయి. నష్టం తెచ్చే వ్యాపారాన్ని అప్పు బాగుచేయలేదు, కొంత గడువు మాత్రం ఇస్తుంది.

2018 బడ్జెట్‌లో ఈ మూడింటినీ విలీనం చేస్తామన్నారు. 2020 జులైలో ఆ ఆలోచన మానుకున్నారు. 2019-20 నుంచి 2021-22 దాకా ఖజానా నుంచి మొత్తం 17,450 కోట్లు వెళ్లాయి. అయినా 2024 మార్చి నాటికి మూడింటి సాల్వెన్సీ నిష్పత్తీ సున్నాకు దిగువనే ఉంది.

ప్రైవేటు కంపెనీల మాట వేరు. వాటా పలచన కాకుండా డబ్బు దొరుకుతుందంటాయి. 2020లో హెచ్‌డీఎఫ్‌సీ లైఫ్ 600 కోట్లు, ఐసీఐసీఐ ప్రుడెన్షియల్ లైఫ్ 1,200 కోట్లు ఏడు శాతం లోపు వడ్డీకే తెచ్చుకున్నాయి. లాభాల్లో ఉన్న కంపెనీకి ఇది భారం కాదు, నిజమే.

కానీ 2022లో ఐఆర్‌డీఏఐ ఇలాంటి అప్పుకు తన ముందస్తు అనుమతి తీసుకోవాలన్న నిబంధన తీసేసింది. చెల్లించిన మూలధనం, షేర్ ప్రీమియం (షేరు ముఖవిలువకు మించి వచ్చిన డబ్బు) కలిపిన మొత్తంలో 25 శాతంగా ఉన్న అప్పు పరిమితిని 50 శాతం చేసింది, నికర విలువలో సగం దాటకూడదన్న షరతుతో. కంపెనీ నష్టాల్లో ఉంటే వడ్డీ కట్టడానికి అనుమతి అడగాలన్న కట్టుబాటు మొదటి నిబంధనల్లోనే ఉంది. అంటే నష్టం వచ్చాక ఆపడానికి వీలుంది. అప్పు చేసేముందు ఒకసారి ఆపి అడిగే అవకాశమే పోయింది. నా దృష్టిలో కొనసాగాల్సింది ఆ ముందస్తు అనుమతే.

ఇంకో లెక్క ఉంది. ఇలాంటి అప్పు విలువ చివరి ఐదేళ్లలో మూలధనం కింద ఏటా 20 శాతం చొప్పున తగ్గుతూ వస్తుంది. అసలు మాత్రం పూర్తిగా తీర్చాలి. నేషనల్ బాండ్ల పదేళ్లు 2027 మార్చితో నిండుతాయి.