పది శాతం గీత ఎక్కడిది?

తిరుపతిలో థీసిస్ ఇవ్వబోతున్న స్కాలర్‌ను తోటివాళ్లు "ఎంతొచ్చింది?" అని అడిగేది మార్కుల గురించి కాదు, సిమిలారిటీ రిపోర్టు గురించి: థీసిస్‌లో ఎంత శాతం ఇదివరకే ఉన్న రాతలతో పోలి ఉందో సాఫ్ట్‌వేర్ తేల్చే లెక్క అది. పదిలోపు వస్తే హమ్మయ్య అనుకుంటారు.

ఆ పది 2018 నాటి యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధనలది. అంతకు పదేళ్ల ముందే ఈ ఊరి పేరు విదేశీ సైన్స్ పత్రికలకెక్కింది. ఎస్వీ యూనివర్సిటీ రసాయనశాస్త్ర ప్రొఫెసర్ ఒకరు 2004-07 మధ్య అచ్చువేసిన 70 దాకా పత్రాల్లో కాపీలు, కల్పిత ఫలితాలు ఉన్నాయని 2008లో వార్తలొచ్చాయి. అప్పటికి దేశమంతటికీ వర్తించే శిక్షల పట్టిక లేదు.

2009 పీహెచ్‌డీ నిబంధనలు థీసిస్‌కు ముందే ఒక పత్రం అచ్చుకావాలన్నాయి. ఆ అవసరమే డబ్బు పుచ్చుకుని అచ్చేసే జర్నళ్లకు మేతైంది. 2018లో యూజీసీ తను ఆమోదించిన జాబితాలోంచే 4,305 జర్నళ్లను తీసేయాల్సొచ్చింది. పత్రం అచ్చుకావాలన్న షరతును 2022లో ఎత్తేసింది.

2018 లెక్క ఇది: థీసిస్‌లో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 40 దాకా అయితే ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 60 దాకా అయితే ఏడాదిపాటు మళ్లీ ఇవ్వనివ్వరు. అదీ దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆధారం చూపిన ఉటంకింపులు, గ్రంథసూచి, విషయసూచిక, కృతజ్ఞతలు లెక్కలోకి రావు. ఆ మినహాయింపులు పెట్టకుండా రిపోర్టు తీస్తే నిజాయితీగా రాసినవాళ్లకూ అంకె పెరుగుతుంది. అంకె తగ్గించడానికి పదాలు మాత్రం మార్చి, ఆధారం చెప్పకపోతే అది చౌర్యమే, రిపోర్టులో సున్నా వచ్చినా సరే.

తెలుగు థీసిస్‌ల చిక్కు వేరు. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లలో కొట్టిస్తే తెర మీద తెలుగే కనిపిస్తుంది కానీ ఫైల్లో ఉండేవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లుండే యూనికోడ్‌లో ఉన్న మూలంతో అవి ఎలా సరిపోలుతాయి? ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగులోకి దించుకున్నా మామూలు పాఠ పోలిక పట్టుకోలేదు. అక్కడ గైడు చదువే దిక్కు.

అను ఫైల్‌ను ముందు యూనికోడ్‌లోకి మార్చి, ఆ తర్వాతే రిపోర్టుకు ఇవ్వాలి. మార్చినప్పుడు ఒత్తులు చెదరొచ్చు. మరోసారి ప్రూఫు చూసుకోవడానికి వ్యవధి ఉంచుకోండి.